ఎముకల మామ

మొన్న నెల్లూరులో మా ఇంటికి మనిషెత్తు అట్టపెట్టె ఒకటి వచ్చింది. ఫిజియోథెరపీ చదువుతున్న మా అమ్మాయి తెప్పించుకున్న ప్లాస్టిక్ అస్థిపంజరం అది. కొత్త చెప్పుల వాసన వేస్తోంది. దాన్ని స్టాండుకు తగిలించి, "ఎట్లుండాది అమ్మీ?" అని మా అమ్మాయి అడిగేసరికే నా చెయ్యి ఆ బొమ్మ నడుం కిందికి పోయింది. బొటనవేలూ చూపుడువేలూ బాగా చాచి, కింద రెండు తుంటి ఎముకలు కలిసే చోట పెట్టి చూశాను. పట్టలేదు.

"ఇది మగమనిషిది," అన్నాను.

మా అమ్మాయి నోరు తెరిచింది. "పదితో చదువు ఆపేసినదానివి, నీకెట్లా తెలుసు? మాకు ఈ సంవత్సరమే చెప్పినారు."

"మా బళ్లో ఒకటుండేది," అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఊరికే కాసేపు నిలబడ్డాను.

ఉదయగిరిలో మా పుట్టిల్లు కొండ కిందనే. మధ్యాహ్నం నాలుగు కొట్టకముందే కొండ నీడ వాకిట్లోకి దిగేది. మిగతా ఊళ్ళకు సాయంత్రం అయ్యేలోపు మాకు సగం చీకటి పడేది. మా నాయన, అబ్బ అంటాము, కొయ్య స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చేసేవాడు. కొండ మీది నర్ది కర్ర ఇంటి నిండా ఉండేది. పచ్చికర్ర వాసన అన్నంలో కూడా వచ్చేది. చెక్కడం అబ్బది, ఉప్పు కాగితంతో రుద్దడం పిల్లలది. రుద్దీ రుద్దీ నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. నేను దొంగతనం చేస్తే పోలీసులు కూడా పట్టుకోలేరని మా అమ్మీ అనేది.

అబ్బ వాళ్ళ అమ్మను మనవలం దాదీ అనాలి. కానీ ఊరంతా ఆమెను అవ్వ అని పిలిచేది, మాకూ అదే అలవాటైంది. ఆమె మంత్రసాని. ఆ చుట్టుపక్కల రెండు తరాల పిల్లలు ఆమె చేతిలోనే భూమ్మీద పడ్డారు. ఆమె కొంగు ఎప్పుడూ ఆముదం, శొంఠి కలిసిన వాసన వేసేది. కడుపు మీద అరచెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పేది. ఒక్క అక్షరం రాదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కొండ నీడ దిగగానే వీధి తలుపు జానెడు తెరిచి పెట్టేది, అందరూ పడుకునేదాకా మూయనిచ్చేది కాదు. మా తాత స్పూన్ల మూట భుజాన వేసుకుని, పదిహేను రోజుల్లో వస్తానని మద్రాసు బస్సెక్కాడు. అప్పటికి మా అబ్బకు ఎనిమిదేళ్ళు. నాకు పదమూడేళ్ళు వచ్చినా తాత రాలేదు. అవ్వ చేతులకు మాత్రం పచ్చ గాజులు, మెడలో నల్లపూసలు ఉండేవి. ఎవరైనా కదిలిస్తే, "పోయినాడని నీకెవురు చెప్పినారు?" అని నోరు మూయించేది. మేకలూ కుక్కలూ దూరేవి గానీ ఆ తలుపులోంచి తాత మాత్రం రాలేదు.

మా బళ్లో సైన్సు గది వరసలో చివరిది. గది మూల అద్దాల బీరువాలో నిలబడి ఉండేవాడు ఎముకల మామ. ఆ పేరు పెట్టింది మేమే. నిజం ఎముకలు, పాత కొబ్బరిచిప్ప రంగు. ఎప్పుడో మూతబడిన ఒక ఆసుపత్రిలో నర్సులకు పాఠాలు చెప్పడానికి మద్రాసు నుంచి తెప్పించారట, అది ఎత్తేసినప్పుడు బడికి చేరిందట. హెడ్మాస్టరు చెప్పేవాడు. దిక్కులేని శవాలు అట్లా పాఠాలకు పనికొస్తాయని కూడా ఆయనే చెప్పి, చెప్పాక తానే ఆ గది వైపు వెళ్ళడం మానేశాడు.

ఒకసారి మేం నలుగురం కలిసి మామ పళ్ళ మధ్య నిమ్మతొన బిళ్ళ పెట్టాము. తెల్లారి చూస్తే లేదు. చీమలో, ఎలుకో తీసుకుపోయి ఉండాలి. "మామ చప్పరించినాడే," అన్నది ఒకతె. వారం రోజులు ఆ గదికి ఎవరూ ఒంటరిగా వెళ్ళలేదు.

ఆ ఏడు ఆత్మకూరు నుంచి కొత్త సైన్సు మేడం వచ్చింది. రోజూ బస్సులో వచ్చేది, దుమ్ము కొట్టిన ముఖం తుడుచుకుంటూనే పాఠం మొదలుపెట్టేది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టించి నాడి లెక్కపెట్టించింది. పెద్దవాళ్ళ ఒంట్లో రెండు వందల ఆరు ఎముకలని చెప్పి, బీరువా తెరిచి మామను వెలుగులోకి లాగింది. ఆయనకు కుడిచెయ్యి మణికట్టు నుంచి కిందికి లేదు.

"ఎముకంటే కట్టెపుల్ల కాదు. ప్రాణముంటాది. విరిగితే అదే అతుక్కుంటాది. ఇదిగో చూడండి," అని మామ ఎడమ ముంజేతి మీద ఒక కణుపు చూపించింది. చెరుకు గడ మీద ఉన్నట్టు ఉబ్బుగా ఉంది. "ఈయనకు చిన్నప్పుడెప్పుడో చెయ్యి విరిగినాది. కట్టు సరిగ్గా కట్టలేదు, వంకరగా అతికినాది."

తర్వాత నన్ను పిలిచి, లేని కుడిచెయ్యిని మీ నాయన కొయ్యతో చేసిస్తాడేమో అడగమంది. అబ్బ ఒప్పుకున్నాడు. బడికి వచ్చి మామ ఎడమచెయ్యిని కాగితం మీద గీసుకుపోయాడు.

ఆ సాయంత్రం స్పూన్లు రుద్దుతూ పాఠంలో విన్నదంతా అవ్వకు చెప్పాను. ఎడమచేతి కణుపు దగ్గరికి వచ్చేసరికి అవ్వ ఆకు నమలడం ఆపేసింది.

"మోచేతికి ఎన్ని వేళ్ళ కింద?"

"చూడలేదవ్వా."

"రేపు చూసి రా. ఎవురికీ చెప్పబాకు."

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళినప్పుడు నేనొక్కదాన్నే ఆ గదిలోకి వెళ్ళాను. బీరువా తలుపు తెరిస్తే నాఫ్తలీను వాసన. వేళ్ళు ఆనించి కొలుద్దామని ఎడమచెయ్యి పట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఎండ అద్దం మీద పడి బీరువా కాగిందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నిద్రపోతున్న మనిషి చెయ్యి ఎంత వెచ్చగా ఉంటుందో సరిగ్గా అంతే ఉంది. మళ్ళీ పట్టుకుని కొలిచాను. నాలుగు వేళ్ళు. వదిలేస్తే ఆ చెయ్యి ఊగి నా పావడాకు తగిలింది. తలుపు మూయకుండానే పరుగెత్తాను.

నాలుగు వేళ్ళని చెప్పగానే అవ్వ కళ్ళు మూసుకుంది. "మీ తాత కర్ర కోసం కొండెక్కి చెట్టు మీద నుంచి పడినాడు. వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి నేనే కట్టు కట్టినాను. వంకరగా అతుక్కొనింది. మోచేతికి నాలుగు వేళ్ళ కింద." కళ్ళు తెరిచి, "మద్రాసు నుంచి తెచ్చినారా దాన్ని?" అని అడిగింది.

అబ్బ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. ఒళ్ళో సగం చేసిన కొయ్య చెయ్యి ఉంది. ఎవరి చెయ్యి చేస్తున్నాడో అప్పుడే తెలిసినట్టు దాన్ని చూశాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. అవ్వ ఎప్పటిలాగే తలుపు జానెడు తెరిచి పెట్టింది. రోజూ చూసేదే, అయినా ఆరోజు ఆ సందు వైపు చూడాలంటే భయమేసింది.

కొయ్య చెయ్యి నాలుగు రోజుల్లో అయింది. ఇరవై ఏడు చిన్న ముక్కలు, తీగతో కట్టినవి. అబ్బ అలవాటు కొద్దీ మణికట్టు దగ్గర స్పూన్లకు చెక్కే ఆకుల గొలుసు చెక్కేశాడు. బడి వదిలాక నేను దాన్ని తీసుకెళ్ళి ఇస్తే మేడం నవ్వింది. "ఎముక మీద ఆకులేందమ్మే?" అంది. నాకు నవ్వు రాలేదు. తాత సంగతి చెప్పేశాను. అవ్వ శుక్రవారం చూడటానికి వస్తానందని కూడా చెప్పాను.

మేడం నవ్వు ఆగిపోయింది. మామను పైనుంచి కిందిదాకా కొత్తగా చూడటం మొదలుపెట్టింది. తన సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి ఒక బొమ్మ దగ్గర ఆగింది. మామ తుంటి ముందు మోకరిల్లి, కింద ఎముకలు కలిసే చోట వేళ్ళు పెట్టింది.

"మగవాళ్ళకు ఇక్కడ సందు ఇరుకుగా ఉంటాది. చూపుడువేలు, నడిమివేలు విడదీస్తే ఎంతో అంత. ఆడవాళ్ళకు బిడ్డ బయటికి రావాల కాబట్టి వెడల్పు. బొటనవేలు, చూపుడువేలు చాచినంత." ఆమె బొటనవేలూ చూపుడువేలూ అక్కడ అచ్చంగా సరిపోయాయి. "ఇన్నాళ్ళు నేనూ సరిగా చూడలేదు. ఇది ఆడమనిషిదమ్మా. మీ తాత కాదు."

ఇన్నాళ్ళూ మామా మామా అని నిమ్మతొనలు పెట్టి ఆడుకున్నది ఒక ఆడమనిషితోనా? ఎవరు ఈమె? ఈమె కోసం ఎవరూ తలుపు తెరిచి పెట్టలేదా?

"అవ్వకు నువ్వే చెప్పాల," అంది మేడం. "నేను చెప్తే పరాయిదాన్ని. చెప్పేదీ మానేదీ నీ ఇష్టం."

చెప్పలేదు. గురువారం రాత్రి అవ్వ తలస్నానం చేసి, పెట్టెలోంచి పెళ్ళినాటి చాదరు తీసి మడతలు దులుపుతుంటే నోరు రాలేదు. అన్నేళ్ళు ఎదురుచూసిన మనిషికి, దొరికినవాడు ఆయన కాదు, ఇంకా కూచోని ఎదురుచూడు అని ఎట్లా చెప్పేది?

శుక్రవారం బడి వదిలాక అవ్వ వచ్చింది. కొండ నీడ అప్పటికే గదిలోకి వచ్చేసింది. అబ్బ గుమ్మంలో నిలబడిపోయాడు. మేడం, హెడ్మాస్టరు, నేను గోడ వార ఉన్నాం. అవ్వ చెప్పులు విడిచి మామ దగ్గరికి వెళ్ళింది. మంత్రసానులు పట్టుకున్నట్టే ముందు మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టింది. నాడి లేని చోట అంతసేపు ఏం వింటోందో నాకు అర్థం కాలేదు. కొయ్య చెయ్యి మాత్రం గాలికి టకటకమంది.

తర్వాత పుర్రె తడిమింది. ఎడమచేతి కణుపు తడిమింది. పక్కటెముకల మీదుగా చెయ్యి కిందికి దిగింది. తుంటి దగ్గర ఆగింది. రెండు అరచేతులూ వేసి చాలాసేపు అట్లాగే నిలబడింది. మేడం నా భుజం గట్టిగా పట్టుకుంది. బడి చదువు లేని అవ్వకు ఆ వేళ్ళ లెక్క ఎక్కడ తెలుస్తుందిలే అనుకున్నాను నేను. పదమూడేళ్ళ పొగరు అది.

"ఎంత కష్టపడినావో," అంది అవ్వ ఆ ఎముకలతో, మెల్లగా. తర్వాత మా వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "ఈయనే. మా ఇంటికి ఇచ్చేయండి. మట్టి చేసుకోవాల."

గుమ్మంలో అబ్బ చతికిలబడి, ఎనిమిదేళ్ళ పిల్లవాడిలాగా ఏడ్చాడు. హెడ్మాస్టరు పీడ వదిలిందన్నట్టు, "ఏ లిస్టులోనూ లేదమ్మా, తీసకపోండి," అన్నాడు. మేడం నా వైపు చూసింది. నేను నేల చూశాను.

మసీదు హజ్రత్ మా ఇంటికి వచ్చి, ఉత్త ఎముకలకు స్నానం, శవానికి చుట్టే కఫన్ గుడ్డలు అక్కర్లేదని, శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇస్తే చాలని చెప్పాడు. అవ్వ ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లు అద్దాల పెట్టెలో బట్టల్లేకుండా నిలబడిన మనిషికి స్నానం కూడా లేకుండానా? నేను కడుగుతాను. మగోళ్ళెవురూ ఈడికి రాకూడదు."

"అమ్మా, నేను కొడుకును," అన్నాడు అబ్బ.

"నువ్వు కూడా రాబాక."

దొడ్లో దుప్పట్లు కట్టి చాటు చేసింది. నన్నొక్కదాన్నే నీళ్ళు పొయ్యడానికి ఉంచుకుంది. అబ్బ దగ్గరి పటకారు తీసుకుని అవ్వే ఒక్కొక్క తీగా తెంపుతుంటే ఎముకలు ఊడి చాప మీద పడ్డాయి. అబ్బ మూటలో స్పూన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడే అది, ఏ తేడా లేదు. కర్పూరం కలిపిన నీళ్ళు పోస్తుంటే ఆ ఎముకలు పీల్చుకున్నాయి. ఎన్నాళ్ళ దాహమో అనిపించి ఇంకో చెంబు పోశాను. అవ్వ ఒక్కొక్క ఎముకనూ పుట్టిన బిడ్డను తుడిచినట్టు తుడిచి పెట్టింది. కొయ్య చెయ్యిని తీసి నాకిచ్చింది. "మనిషిది కాంది మట్టిలో వద్దు. దాచుకో."

తర్వాత నన్ను అటు తిరగమంది. వెనక తెల్లగుడ్డ చింపుతున్న చప్పుడు. భయం పోవడానికి నేను ఆ చప్పుళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. తిరిగి చూసేసరికి మూట కట్టేసి ఉంది. అవ్వ మూట దగ్గరే రాయి మీద చేతులు కొట్టి గాజులు పగలగొట్టుకుంది. ఇప్పుడైనా చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను అనుకున్నాను. నల్లపూసలు కూడా తెగి నీళ్ళలో పడ్డాయి. నేను చెప్పలేదు.

కొండ కింద ఖబరస్తాన్‌లో తాత పేరు మీద గోరీ వెలిసింది. మొగుడు పోయినది కాబట్టి అవ్వ తెల్లచీర కట్టుకుని నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇద్దత్‌లో కూర్చోవాలి. రెండో నెలలోనే పక్కవీధిలో ఒకామెకు బిడ్డ అడ్డం తిరిగిందని కబురొస్తే, లేచి వెళ్ళిపోయింది. తల్లీబిడ్డా బతికారు. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం నోళ్ళు నొక్కుకున్నారు. "దేవుడు నన్నడిగితే నేను చెప్పుకుంటాలే," అంది అవ్వ. అంతకు ముందు పెళ్ళికూతురికి గంధం పూయడానికి మొదట ఆమెనే పిలిచేవాళ్ళు. మొగుడు లేనిదని ఆ తర్వాత పిలవలేదు. ఆమె అడగనూ లేదు.

మట్టి చేసిన రోజు సాయంత్రమే అందరూ చూస్తుండగా వీధి తలుపు మూసి గడియ వేసింది. నాకు ఏడుపొచ్చింది. మంచినీళ్ళకని దొడ్డివైపు వెళితే, దొడ్డి తలుపు జానెడు తెరిచి ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని మూశాను. మరుసటి రోజూ అట్లాగే ఉంది. ఆ మరుసటి రోజూ అంతే.

కొన్నేళ్ళకు నా పెళ్ళయి నెల్లూరు వచ్చేశాను. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు అవ్వ పోయిందని కబురొచ్చింది. నేను చేరేసరికి దొడ్లో దుప్పట్లు కట్టి ఉన్నాయి. కడుపుతో ఉన్నావు, లోపలికి రావద్దన్నారు. గోడ పక్కన నిలబడ్డాను. లోపల తెల్లగుడ్డ చింపుతున్నారు. నాకు తెలియకుండానే లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. ఆగలేదు. నాలుగు, అయిదు.

"అన్నెందుకు పిన్నీ?" అని లోపలున్న పెద్దామెను అడిగాను.

"మగోళ్ళకు మూడే. ఆడదానికి అయిదమ్మా. తలకొకటి, ఎదకొకటి ఎక్కువ."

గోడ పట్టుకుని కూర్చున్నాను. ఆరోజు అవ్వ వెనక నేను లెక్కపెట్టింది కూడా అయిదే.

తెలుసు. వందలమంది ఆడవాళ్ళ నడుములు తడిమిన ఆ అరచేతులకు అక్కడ ఆగినప్పుడే తెలుసు. ఎవరో తెలియని ఆడమనిషి ఎముకలు కావాలంటే ఎవరిస్తారు? నా మొగుడంటే ఇస్తారు. అందుకే బతికున్నాడో లేడో తెలియని మొగుణ్ణి నలుగురి ముందూ చంపేసుకుని, గాజులు పగలగొట్టుకుని, ఆ దిక్కులేనిదానికి ఒంటి నిండా గుడ్డ కప్పింది. మగవాళ్ళ చెయ్యి పడనివ్వలేదు, కన్నకొడుకు చెయ్యి కూడా. నేనేమో ఆమె మనసు విరగకుండా నిజం దాచిపెట్టానని ఇన్నాళ్ళు మురిసిపోయాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అబ్బ ఖబరస్తాన్ నుంచి వచ్చి, మట్టి చేతులతోనే నా పక్కన కూర్చున్నాడు. "నాయన పక్కనే పెట్టినాం బేటీ. ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒక చోట చేరినారు," అన్నాడు.

"అవునబ్బా," అన్నాను. అబ్బ ఉన్నన్నాళ్ళూ అదే మాట మీద నిలబడ్డాను. కొయ్య చెయ్యి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఆకుల గొలుసు చెక్కుచెదరలేదు.

ఆ సాయంత్రం చుట్టాలంతా వెళ్ళిపోయారు. కొండ నీడ దొడ్లోకి దిగింది. దొడ్డి తలుపు జానెడు తెరిచే ఉంది. ముందురోజు సాయంత్రం అవ్వే తెరిచిపెట్టి ఉంటుంది. గాలికి దీపం ఆరిపోతోంది, ఆ తలుపు మూసి రమ్మని అమ్మీ నన్ను పంపింది. వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాను. సందులోంచి బయట ఏమీ కనిపించడం లేదు, కొండ తప్ప.

వెయ్యలేదు. తాత ఇంకా రాలేదు కదా.